పొద్దు గుంకేదాకా

కుట్టు షాపు, వెనక గది

పెద్దమ్మాయికి,

ఇది ఫోన్‌లో చెప్పే సంగతి కాదు కనక రాస్తున్నాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో నేను పెట్టిన నియమం నీకు గుర్తుండే ఉంటుంది. బయట ఏ భాషలోనైనా బతకండి, ఇంటి విషయం మాత్రం తెలుగులో, కాగితం మీద చెప్పుకోవాలని. నువ్వూ చెల్లీ ఒకే ఇంట్లో ఉంటూ నాకు ఉత్తరాలు రాసి దిండు కింద పెట్టేవారు. ఇప్పుడు ఫోన్ చేస్తే "తిన్నారా నాన్నా" అంటావు, "తిన్నాను" అంటాను. అక్కడితో సరి.

మీ చెల్లి కూతురు మిరియం పరిస్థితి ఏమీ బాగాలేదు. మిరియపు గింజంత ఉండి నోరు ఇంత ఘాటేమిటే అని నువ్వు పెట్టిన పేరు అది. ఆ ఘాటంతా పోయింది. రక్తం శుభ్రం చేసే యంత్రానికి కలిపే గొట్టం ఛాతీలో ఒకవైపు పూడుకుపోతే రెండోవైపు పెట్టారు. అదీ మొరాయిస్తోంది. త్వరగా ఇంట్లోవాళ్ళెవరైనా ఒక కిడ్నీ ఇస్తే తప్ప ఇలా ఎక్కువ రోజులు లాగలేమని డాక్టర్లు తేల్చేశారు. మీ చెల్లి కడుపుతో ఉంది, ఆమె దగ్గర తీసుకోరు. అల్లుడి రక్తం కలవలేదు. నాది కలిసింది. దేవుడు దారి చూపించాడనుకున్నాను. నిన్న పిలిచి, నా కిడ్నీలు వయసుతో అలసిపోయాయి, పనికిరావు అన్నారు.

నువ్వు చదివిందే కిడ్నీల గురించి. షాపుకి వచ్చిన ప్రతివాళ్ళకీ గుండీలు కుడుతూ ఆ సంగతి గొప్పగా చెప్పుకున్నాను. తీరా మనింటి పిల్లకి ఒక కిడ్నీ కావలసి వచ్చేసరికి నీ నోట మాట లేదు. నేను అడగను. అడగవలసి రావడమే నాకు సిగ్గు.

— నాన్న


ల్యాబ్, కిటికీ పక్క బల్ల

ఎంత కోపంలో రాసినా చేతిరాత వంకర పోని నాన్నగారికి,

నా సంగతి ఇప్పుడు ఎత్తకండి. చెప్పవలసినప్పుడు చెబుతాను. మీరు ఏమనుకున్నా పడతాను, ఇప్పుడు దానికి తీరిక లేదు.

నాకు అంతుపట్టనిది మీ సంగతి. పోయిన ఏడాది మీ కంటి ఆపరేషన్‌కి ముందు పరీక్షలన్నీ నేనే చూశాను. మీ కిడ్నీలు నాతో పనిచేసే కుర్రవాళ్ళ కిడ్నీలకి తీసిపోవు. ఒక్క ఏడాదిలో అవి ఇంతగా అలసిపోవడానికి మీరేం చేశారు? ఏవైనా మాత్రలు వాడుతున్నారా? నొప్పులకని ఎవరైనా ఏదైనా పొడి ఇచ్చారా? మీరంతా కూడే ప్రార్థన గదిలో సలహాలకి కొదవ లేదు కదా, అందుకని అడుగుతున్నాను.

రిపోర్టులన్నీ మరిది చేతికి ఇచ్చి పంపండి. అతని బస్సు రోజూ సాయంత్రం మా ల్యాబ్ వెనక స్టాండుకే వస్తుంది, నేను వెళ్ళి తీసుకుంటాను. పాపం, స్టీరింగ్ ముందు కూర్చున్నా మనిషి ఎక్కడో ఉంటున్నాడు. మొన్న టిక్కెట్టు అడగకుండానే జనాన్ని ఎక్కించుకుని, దిగేటప్పుడు వాళ్ళే గుర్తుచేస్తే నవ్వాడట. ఆ నవ్వు గురించి చెల్లి ఫోన్‌లో చెబుతూ ఏడ్చింది.

మిరియానికి నేను అడిగానని చెప్పండి. ఏం తిన్నారో, ఏం తాగారో, ఏం మందులు వేసుకున్నారో అన్నీ రాయండి. దాచకండి.

— మీ పెద్దమ్మాయి


ఆసుపత్రి, పిల్లల వార్డు బయట బెంచీ

పెద్దమ్మాయికి,

అడిగిన కాగితాలు పంపుతున్నాను. మాత్రలూ లేవు, పొడులూ లేవు. పరీక్ష రోజున ఒకామె వచ్చి తిన్నారా, నీళ్ళు తాగారా అని అడిగింది. అన్నీ అయ్యాయన్నాను. ఏదో రాసుకుని వెళ్ళిపోయింది. నా కిడ్నీల మీద నీకున్న నమ్మకంలో సగం దేవుడి మీద ఉన్నా బాగుండేది.

ప్రార్థన గదిలో అందరూ పాప కోసం అడుగుతున్నారు. లాండ్రీ పెద్దాయన మాత్రం "మీ ఇంట్లోనే ఒకరు దేవుణ్ణి వదిలేశారు కదా" అన్నాడు. నీ గురించే. నేను లేచి వచ్చేశాను. అతని ప్యాంటు నా దగ్గరే ఉంది, ఇంకా కుట్టలేదు. కుట్టబుద్ధి కావడం లేదు.

పిల్ల ఒళ్ళు ఉబ్బిపోయింది. నీళ్ళు కొలిచి ఇస్తున్నారు. మందు పోసే చిన్న కప్పు ఉంటుంది చూడు, దానితో. ఆ కప్పు చేతికిస్తే వెంటనే తాగదు. వేలు ముంచి పెదాలకి రాసుకుంటుంది, మళ్ళీ ముంచుతుంది. నర్సు మంచు ముక్క ఇస్తే చప్పరించి, కరిగిపోయాక నా వైపు చూసి నాలుక చాపి చూపించింది. ఏమీ మిగల్లేదట. నవ్వించడానికే చేసింది. నేను నవ్వలేకపోయాను.

— నాన్న


ల్యాబ్, అదే బల్ల

నాన్నగారికి,

రిపోర్టు చూశాను. మీరు అబద్ధం చెప్పారు. ఆసుపత్రిలో ఆమెకి చెప్పారు, నాకూ రాశారు.

మీకు అర్థమయ్యేలా చెబుతాను. కిడ్నీ ముసలిదైపోతే నీళ్ళని పట్టి ఉంచలేదు, పలచగా వదిలేస్తూ ఉంటుంది. మీ కిడ్నీలు చుక్క వదలకుండా బిగబట్టి కూర్చున్నాయి. మూత్రం అంత చిక్కగా ఉంది. పాడైన కిడ్నీలకి అది చేతకాదు. అంటే అవి గట్టివే, వాటికి నీళ్ళే అందడం లేదు. దానికి తోడు, ఒంటికి తిండి దొరక్క తన కొవ్వు తానే కాల్చుకుంటున్నప్పుడు బయటపడే పదార్థం కూడా మూత్రంలో కనిపించింది. నిండా తిని, నిండా తాగిన మనిషి రిపోర్టు కాదిది. ఏ ఎడారిలోనో తప్పిపోయిన మనిషిది.

మీరు ఉపవాసం ఉంటున్నారు. నీళ్ళు కూడా ముట్టకుండా. రోజంతా ఆ ఇస్త్రీపెట్టె ఆవిరి ముందు నిలబడి.

ఆ పిల్లకి సరిపోయే కిడ్నీ ఈ ప్రపంచంలో మన చేతికందే దూరంలో ఒకే ఒక్కటి ఉంది. దాన్ని మీరే, ఆ పిల్ల కోసమే, ఎండబెడుతున్నారు. ఎన్నాళ్ళ నుంచి? ఎందుకు చెప్పలేదు? ఈసారి నీళ్ళు నమలకుండా రాయండి.

— పెద్దమ్మాయి


కుట్టు షాపు

పెద్దమ్మాయికి,

అవును, ఉంటున్నాను. పిల్లకి యంత్రం పెట్టినప్పటి నుంచి. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా తిండి లేదు, మంచినీళ్ళు లేవు. రాత్రి ఒక పూట ఏదో ఇంత తింటాను.

ఎందుకు చెప్పలేదని అడిగావు. నువ్వు స్కూల్లో చదువుకునేటప్పుడు నాకు వాళ్ళ భాష రాక, ప్రతి ఆఫీసుకీ నిన్నే వెంటబెట్టుకుని వెళ్ళేవాణ్ణి. ఒకసారి బయటికి వచ్చాక, "నాన్నా, వాళ్ళ ముందు మన దేవుడి సంగతులు మాట్లాడకండి, వింతగా చూస్తారు" అన్నావు. ఆనాటి నుంచి ఏ ఆఫీసులోనూ, ఏ ఆసుపత్రిలోనూ ఆ సంగతి నా నోట రాలేదు. ఇప్పుడు ఎందుకు చెప్పలేదంటే నేనేం చెప్పను.

ఇక అసలు సంగతి. మొదట్లో ఒక రోజు వార్డులో దాహం వేసి సీసా మూత తీశాను. పిల్ల అటు తిరిగి పడుకుని ఉంది, నిద్రపోతోందనుకున్నాను. "తాతా, నువ్వు తాగు. గుటక చప్పుడు గట్టిగా చెయ్యి, నేను వింటాను" అంది. అమ్మా, ఆ నీళ్ళు నా గొంతు దిగలేదు. మూత పెట్టేసి బయటికి వచ్చి దేవుడికి మాట ఇచ్చాను. ఈ పిల్ల తన చేత్తో గ్లాసు నిండా నీళ్ళు తాగే రోజు వరకు పగటిపూట నేనూ తాగనని.

ఇప్పుడు నువ్వు దాన్ని మధ్యలో వదిలేయమంటావు. ఇచ్చిన మాట కూరగాయల బేరం కాదు. నేను తాగిన రోజే పిల్లకి ఏమైనా అయితే ఆ తరవాత నేనెలా బతకాలో నీ పుస్తకాల్లో ఉంటే చెప్పు.

— నాన్న


ల్యాబ్, మెట్ల కింద

నాన్నగారికి,

మీ ఉత్తరం చదివాక ల్యాబ్‌లో కూర్చోలేక మెట్ల కిందికి వచ్చాను. గుటక చప్పుడు సంగతి మీరు నాకు ఎప్పుడో చెప్పి ఉండవలసింది.

మీతో వాదించడానికి రెండు పేజీలు రాసి చింపేశాను. నాకు తెలిసినదంతా మీకు చెప్పినా గోడకి చెప్పుకున్నట్టే. నీళ్ళు, ఉప్పు, రక్తం అని నేను లెక్క చెబుతాను, మీరు మాట ఇచ్చానంటారు. మీది మొండితనం అనుకుంటూ వచ్చాను. కాదని ఇప్పుడు తెలిసింది. అయినా మనకి టైము లేదు. పొద్దున చెల్లి ఫోన్ చేసింది. రెండో గొట్టం దగ్గర చీము పట్టిందట, జ్వరం దిగడం లేదట. ఇక మూడో చోటు లేదన్నారట. చెల్లి ఏడవలేదు, ఏదో బస్సుల టైములు చెబుతున్నట్టు చెప్పింది. దానికే నాకు ఎక్కువ భయం వేసింది.

పెద్ద డాక్టర్‌తో మాట్లాడాను. మీ ఉపవాసం సంగతి చెప్పేశాను, తిట్టుకుంటే తిట్టుకోండి. ఆయన వింతగా ఏమీ చూడలేదు. కొన్నాళ్ళు కడుపునిండా తిని, నీళ్ళు తాగి వస్తే మళ్ళీ పరీక్ష చేస్తామన్నాడు. బాగుంటే వెంటనే ఆపరేషన్.

మీరు మాట తప్పవద్దు. ఆ మాట నాకు ఇచ్చేయండి. మీ నెత్తిన బరువుంటే కూతురు అందుకోకూడదా? మీ ఉపవాసం నేనుంటాను. పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకేదాకా, మీరు ఉన్నట్టే. మీరు తాగండి.

నేను నమ్మనని మీకు తెలుసు. ఇంకో దారి తోచక అడుగుతున్నాను నాన్నా. కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను అనుకోండి.

— మీ పెద్దమ్మాయి


ఆసుపత్రి, వార్డు బయట

పెద్దమ్మాయికి,

నీ ఉత్తరం చదివి మొదట నవ్వు వచ్చింది. నమ్మకం లేనివాళ్ళ ఉపవాసం వట్టి ఆకలే కదా, అది ఎవరి లెక్కలోకి వస్తుంది అనుకున్నాను. ప్రార్థన గదిలో అడుగుదామనుకున్నాను. పదిమంది పది మాటలు చెబుతారని మానేశాను.

మధ్యాహ్నం పిల్ల దగ్గరికి వెళ్ళాను. పలకరిస్తే కళ్ళు తెరవలేదు. ఒళ్ళు కాలిపోతోంది. పెదాలు పగిలి ఉన్నాయి. మీ చెల్లి గోడకి ఆనుకుని నిలబడి నన్ను చూసింది. తిట్టినా బాగుండేది.

బయటికి వచ్చి వరండాలో కుళాయి దగ్గర నిలబడ్డాను. దేవుడికి ఒకటే చెప్పాను. నా పెద్ద కూతురు నిన్ను నమ్మదు కానీ, ఒప్పుకున్న పని మధ్యలో వదిలే మనిషి కాదు, ఆ సంగతి నాకు తెలుసు, నా బదులు తనని తీసుకో అన్నాను. దోసిలి పట్టి తాగాను. సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి. వెంటనే పరిగెత్తుకెళ్ళి పిల్లకి ఊపిరి ఆడుతోందో లేదో చూశాను. ఆడుతోంది.

రేపు పొద్దు పొడిచినప్పటి నుంచి అది నీది. ఒక్క చుక్క కూడా వద్దు. ఎవరైనా అడిగితే అబద్ధం చెప్పవద్దు, నాలాగా. గొప్పగా చెప్పుకోనూ వద్దు. పిల్ల గ్లాసు నిండా తాగే రోజు వరకు.

ఇది నీకు ఇస్తూ నేను మంచి పని చేస్తున్నానో చెడ్డ పని చేస్తున్నానో నాకు తెలియడం లేదు.

— నాన్న


ల్యాబ్

నాన్నగారికి,

మీ కొత్త రిపోర్టు మరిది నా చేతిలో పెట్టగానే స్టాండులోనే నిలబడి చదివాను. అన్నీ సరిగ్గా ఉన్నాయి. నీళ్ళు పోయగానే మీ కిడ్నీలు ఎలా లేచాయో చూస్తే నాకే ముచ్చటేసింది. డాక్టరు ఒప్పుకున్నాడని చెల్లి చెప్పింది. పిల్ల జ్వరం తగ్గిన వెంటనే ఆపరేషన్, బహుశా వచ్చే వారమే.

నా ఉపవాసం గురించి అడగరని తెలుసు, అడగాలని ఉందనీ తెలుసు. పొద్దున తేలిగ్గానే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక నాలుక అంగిటికి అతుక్కుంటుంది. నా పనేమో రోజంతా నీళ్ళతోనే. గాజు గొట్టాల్లో నింపడం, పారబోయడం. వాటి చప్పుడు ఇంత బాగుంటుందని ఎప్పుడూ అనుకోలేదు.

మొదటి రోజే పక్క బల్ల ఆమె, "మీరు కాఫీకి రావడం లేదేం" అని అడిగింది. మీకు ఇచ్చిన మాట ప్రకారం ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా చెల్లెలి కూతురి కోసం ఉపవాసం ఉన్నానని. ఈ దేశంలో ఆ మాట పైకి అనడం నాకు అదే మొదటిసారి. చెవులు వేడెక్కాయి. ఆమె తన కాఫీ కప్పు పట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయింది. అప్పటి నుంచి నా ఎదుట ఎవరూ తాగడం లేదు.

నాకేమీ ఇబ్బంది లేదు. మీరు తినండి, తాగండి. మరిది చూస్తుండగా తాగండి, నాకు కబురు చెబుతాడు.

— మీ పెద్దమ్మాయి


ఆసుపత్రి, పై అంతస్తు, నా మంచం

అమ్మా,

కూర్చోలేను, పడుకుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే క్షమించు. నువ్వు కింద క్యాంటీన్‌లోనే ఉన్నావట, జలుబు ఉందని పైకి రానివ్వలేదట. ఈ కాగితం అల్లుడు తెస్తాడు.

కోత అయింది. నాది తీసి పిల్లకి పెట్టారు. పెట్టారే కానీ అది ఇంకా మేలుకోలేదు. పిల్ల మంచానికి కట్టిన సంచిలో చుక్క లేదు. ఒక్కోసారి ఆలస్యమవుతుంది, చూద్దామంటున్నారు డాక్టర్లు. చూద్దామనే మాట రెండు రోజులుగా వింటున్నాను. ఇంతమంది పెద్దవాళ్ళం ఒక పిల్ల ఉచ్చ కోసం దేవుడికి దండాలు పెడుతున్నాం. మీ చెల్లి ఆ ఖాళీ సంచి మీద నుంచి చూపు తిప్పడం లేదు.

పొద్దున నేను, "మీ అక్క ఒకటి ఇస్తానని ముందే అని ఉంటే ఇంతవరకూ వచ్చేది కాదు" అన్నాను. అనకూడని మాటే. మీ చెల్లి నా మీద విరుచుకుపడింది. అందరికంటే ముందు పరీక్షకి వెళ్ళింది నువ్వేనట. నీకు పుట్టుకతోనే ఒక కిడ్నీ ముడుచుకుపోయి ఉందట. ఉన్న ఒక్కటీ జాగ్రత్త, పగలంతా నీళ్ళు తాగుతూ ఉండాలని చెప్పి పంపించారట. నన్ను బాధపెట్టకూడదని నువ్వు చెల్లి దగ్గర ఒట్టు వేయించుకున్నావట.

నేను నీకు రాసిన ఆ మొదటి ఉత్తరం తెచ్చి నా ముందు చింపెయ్యి. ఒక్క కిడ్నీతో ఉన్న కూతురికి నా దాహం తీసి నెత్తిన పెట్టాను. ఏం తండ్రిని నేను.

దేవుడితో ఇప్పుడే చెప్పాను. మనవరాలి కోసం కూతుర్ని ఇవ్వను, ఆ మాట నేనే వెనక్కి తీసుకుంటున్నాను, కోపమొస్తే నా మీద చూపించు అన్నాను. ఇది చదివిన వెంటనే నీళ్ళు తాగు. పొద్దు గుంకేదాకా ఆగవద్దు.

— నాన్న


అదే ఆసుపత్రి, కింది అంతస్తు, క్యాంటీన్

నాన్నా,

మీ ఉత్తరం చదివి లేచి వెళ్ళి గ్లాసు నింపుకుని వచ్చాను. చల్లటి నీళ్ళు. బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను.

ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కనక చెబుతున్నాను. ఇక్కడికి బయల్దేరే ముందు ల్యాబ్‌లో నా రక్తం నేనే పరీక్ష చేసుకున్నాను. కిడ్నీ అలసిపోతోందని చెప్పే అంకె పైకి పోతోంది. నడుము దగ్గర నొప్పిగా ఉంది, లేచి నిలబడితే గది తిరుగుతోంది. వేరే ఎవరి రిపోర్టయినా ఇలా ఉంటే చేతిలో సీసా పెట్టి తాగేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. ఒక గ్లాసు నీళ్ళకీ, పైన ఉన్న ఆ సంచికీ ఏ సంబంధమూ లేదు. అది నాకు తెలిసినంత బాగా ఈ భవనంలో చాలామందికి తెలియదు. మీరు మాట వెనక్కి తీసుకున్నారు కూడా. నన్ను ఆపేవాళ్ళు ఎవరూ లేరు.

గ్లాసు పెదాల దాకా తెచ్చాను. నేను గుక్క వేసే క్షణంలో పైన ఏదైనా అయితే అనిపించింది. దించేశాను. మళ్ళీ ఎత్తాను, మళ్ళీ దించాను. ఎదురు బల్ల దగ్గర ఎవరో ముసలాయన నన్నే చూస్తున్నాడు.

నాకు నమ్మకం రాలేదు నాన్నా. వస్తే మీకు సంతోషంగా రాసేదాన్ని. లోపల ఎంత వెతికినా దేవుడు కనిపించడం లేదు, పిల్ల మొహమే కనిపిస్తోంది. భయం మాత్రం మీదే, అచ్చంగా మీది, ఏమీ తగ్గకుండా నాకు వచ్చింది.

కిటికీలో ఎండ ఇంకా చాలా ఉంది. మరిది పైకి వెళ్ళడానికి నిలబడి ఉన్నాడు, ఇక ముగిస్తాను. సంచిలో చుక్క కనిపిస్తే ఎవరినైనా పరిగెత్తించండి. కనిపించకపోయినా కబురు చేయండి, తట్టుకుంటాను. నీళ్ళు తాగమని మాత్రం ఇంకోసారి రాయకండి. మీరు మళ్ళీ చెబితే తాగేస్తాను.

— మీ పెద్దమ్మాయి